అద్దెకు పోయిన ఎర్ర బూట్లు

అసిల్కాన్ బూట్లను గుల్సున్ అద్దెకిచ్చింది. ఇందులో వాదించడానికి ఏమీ లేదు. పోయిన మనిషి బూట్లను, నలభయ్యో రోజు భోజనాలు పెట్టి పది రోజులైనా కాకముందే, ఎవరో పరాయి ఆడమనిషి కాళ్ళకు తొడిగి కొండ మీదికి పంపింది.

తొలోన్ వాటిని పొద్దున పది గంటలప్పుడు చూశాడు. కరాకోల్ ఊరి పైనున్న మంచు కొండ మీద, స్కీలు తొడుక్కున్న జనాన్ని పైకి మోసే తీగ కుర్చీల దగ్గర అతని పని. కుర్చీ వచ్చినప్పుడల్లా చేత్తో ఆపి మనుషుల్ని కూర్చోబెట్టాలి. ముప్పై ఏళ్ళుగా అతను మొహాలు చూడడు, కాళ్ళే చూస్తాడు. ఆ కాళ్ళకు ఎర్ర బూట్లున్నాయి. కుడి బూటుకు బొటనవేలి పక్కన ఉబ్బు ఉంది. ఆ ఉబ్బు అతను చేసిందే. భార్య అసిల్కాన్‌కు అక్కడ ఎముక పెరిగి నొప్పి పెడుతుంటే, పొయ్యి దగ్గర ప్లాస్టిక్‌ను కాచి మెత్తబరిచి, లోపలి నుంచి గరిటె కాడతో బయటికి తోశాడు. ఆ బూట్లతోనే ఆమె ఇరవై రెండు చలికాలాలు ఊరి పిల్లలకు స్కీలు నేర్పింది.

"పెద్దాయనా, కుర్చీ వదులు! మాతోపాటు నువ్వూ వస్తావా ఏంటి?" అని ఆ మనిషి నవ్వింది. మాట తీరు సరిహద్దు అవతలి అల్మాటీ పట్నానిది.

తొలోన్ వదిలాడు. పక్కవాడికి పని అప్పజెప్పి, సరుకుల జీపులో ఊళ్ళోకి దిగాడు.

గుల్సున్ అతని తమ్ముడి భార్య. వాళ్ళ స్కీ సామాను అద్దె దుకాణం కొండదారి మొదట్లోనే ఉంటుంది. అతను వెళ్ళేసరికి ఆమె ఒక జంటతో మాట్లాడుతోంది.

"పైన కొండ దగ్గరా దొరుకుతాయంటగా?" అంటున్నాడు ఆ కుర్రాడు.

"దొరుకుతాయి. గంట సేపు వరసలో నిలబడి, నిన్నటివాడి చెమట ఆరని బూట్లు తొడుక్కోవాలి. నీ ఇష్టం. మా దగ్గర రాత్రంతా ఆరబెడతాం. నీ బరువెంత? నిజం చెప్పు, పక్కన అమ్మాయి ఉందని పెంచి చెప్పకు. పెంచావంటే బిగింపు ఎక్కువై, పడ్డప్పుడు స్కీ ఊడదు, కాలే ఊడుతుంది."

వాళ్ళ పాస్‌పోర్టులు పూచీగా తీసుకుని డ్రాయరులో పెట్టాక ఆమె తలెత్తింది. తొలోన్‌ను చూసి లేచి, తలగుడ్డ సర్దుకుంది.

"రండి బావగారూ. టీ పోస్తాను."

"అసిల్కాన్ బూట్లు ఎవరికిచ్చావు?"

గుల్సున్ చేతిలోని కెటిల్ కింద పెట్టింది.

"అక్క బూట్లు నా వాటాకొచ్చాయి బావగారూ. పోయినరోజు ఆమెకు స్నానం చేయించినవాళ్ళం ఐదుగురం. బట్టలు ఐదు మూటలు కట్టారు. నా మూటలో ఆ బూట్ల సంచీ వచ్చింది."

"బట్టలు పంచమన్నారు. పనిముట్లు పంచమనలేదు."

"నేనడిగాను. అక్కను పడుకోబెట్టిన గుడారం తలుపు దగ్గరికొచ్చి, ఈ సంచీ కూడానా అని మిమ్మల్నే అడిగాను. మీరు వెనక్కైనా తిరగలేదు. అన్నీ ఇచ్చెయ్యండి, ఒక్కటీ ఉంచొద్దు అన్నారు."

అన్నాడు. ఆ రోజు అతను మిగతా మగవాళ్ళతో గుడారం బయట ఆనవాయితీ ప్రకారం కర్రకు ఆనుకుని, వచ్చినవాళ్ళందరికీ వినపడేలా ఏడుస్తూ నిలబడ్డాడు. మగవాడు లోపలికి పోకూడదు. లోపల ఏం పంచుతున్నారని వాకబు చేస్తే, పెళ్ళాం బట్టల దగ్గర కూడా పిసినారితనం చూపాడంటారు. అందుకే గొంతు పెంచి మరీ అన్నాడు. అది ఏ సంచీనో చూడలేదు.

"నేనన్నానని నువ్వు ఇచ్చేస్తావా?"

"పెద్దవారు. మీ మాటకు ఎదురు చెప్పమంటారా?"

తొలోన్ బెంచీ మీద కూర్చున్నాడు. నాలుగింటికి అద్దె సామాను తిరిగొస్తుంది. అప్పటిదాకా కదలనన్నాడు. టీ వద్దన్నాడు. ఆమె పోసి పక్కన పెట్టిన కప్పు అలాగే చల్లారింది.

అతనికి కావలసింది బూట్లు కాదు. ఇంట్లో ఆమె గుర్తు ఏదీ మిగల్లేదు. పరుపు, దిండు, కోట్లు అన్నీ ఆడవాళ్ళు ఉతికి పంచేశారు. బూటు లోపలి మెత్తలో మాత్రం ఆమె కాలి అచ్చు ఉంది. ఇరవై రెండు చలికాలాలు, సాయంత్రం కాగానే ఆ మెత్తలు బయటికి లాగి పొయ్యి దగ్గర ఆరబెట్టింది అతనే. చెయ్యి పెడితే ఐదు వేళ్ళ గుంటలు తగులుతాయి, బొటనవేలి కంటే రెండోది పొడుగు. ఆ అచ్చు చాలు. మాట్లాడే మనిషి లేని ఇంట్లో దాన్ని పెట్టుకుంటాడు. ఎవరికీ చెప్పడు.

నాలుగింటికి అల్మాటీ ఆవిడ తలుపు తోసుకుని వచ్చింది, బుగ్గలు ఎర్రగా, జుట్టునిండా మంచుతో.

"అక్కా, నువ్వు బంగారం! పోయినసారి పైన అద్దెకు తీసుకుని రోజంతా ఏడ్చాను. నాకూ కుడి పాదంలో ఎముక పెరిగింది కదా, ఏ బూటూ పట్టదు. ఇవి నా కోసమే చేసినట్టున్నాయి." బెంచీ మీదున్న తొలోన్‌ను అప్పుడు చూసింది. "అరే, కుర్చీ వదలని పెద్దాయన! ఈయనెవరు?"

"మా బావగారు."

"పేరు?"

"ఆయన్నే అడుగు. ఆయన పేరు నేను పలకకూడదు."

తొలోన్ బూట్ల కోసం చెయ్యి చాచాడు. ఆవిడ ఇంకా నవ్వుతూనే బూట్లు విప్పి అందించింది.

"పొద్దున కొంచెం బిగుతుగా ఉన్నాయి. అక్క లోపలి మెత్తలు యంత్రంలో వేడి చేసి నా కాలికి అచ్చు వేసింది. ఎంత హాయిగా ఉందో!"

తొలోన్ కుడి బూటులో చెయ్యి పెట్టాడు. మెత్త ఇంకా వెచ్చగా, చెమటగా ఉంది. వేళ్ళ గుంటలు తగిలాయి. బొటనవేలిదే పొడుగు. వేళ్ళు ఇంకా లోపలికి తోసి వెతికాడు. ఎడమ బూటు తీసుకున్నాడు. అందులోనూ అంతే.

అల్మాటీ ఆవిడ పాస్‌పోర్టు తీసుకుని వెళ్ళిపోయింది. గుల్సున్ కళ్ళు నేల మీద ఉన్నాయి.

"తీసుకెళ్ళండి బావగారూ. పంచింది వెనక్కివ్వకూడదంటారు. అననీ. నేనిస్తాను."

"ఇవి ఎవరివి?"

"అక్కవే కదా."

"కాదు."

బూట్ల జతను తీసుకెళ్ళి ముప్పై ఎనిమిదో నంబరు అరలో పెట్టాడు. మడమలు లోపలికి, కొనలు బయటికి, దుకాణంలో మిగతా జతలు ఎలా ఉన్నాయో అలా. తర్వాత టోపీ పెట్టుకున్నాడు.

"నేనెలా కనుక్కోగలను? ఒక్క మాట ముందే చెప్పి ఉంటే..." గుల్సున్ ఏడుస్తోంది. "నన్ను తిట్టండి. ఏదో ఒకటి అనండి."

"తమ్ముడు అడిగితే, అన్న వచ్చి టీ తాగి వెళ్ళాడని చెప్పు. బూట్ల మాట ఇంట్లోగానీ, సంవత్సరీకం భోజనాల్లోగానీ, నేను పోయిన రోజునగానీ ఎవరి నోటా రాకూడదు. నా నోట ఇక రాదు."