కారితేనే బతికున్నట్టు

ఆగండి. ఒక్క క్షణం చెవి పెట్టండి.

టప్... టప్...

అప్పట్లో విమానం రెక్క కింద రేకు పళ్లెం ఉండేది. అందులోకి ఇంజన్ నుంచి నల్లటి నూనె — వాన వెలిశాక కూడా చూరు కారుతున్నట్టు.

ఆ చప్పుడు వింటేనే మా అత్త టీ తాగేది.

అత్త మెకానిక్. ఒకప్పుడు జనాన్ని మోసి, తుక్కులో పడిపోయిన ముసలి విమానం ఇది. అత్త పనిచేసే చోటి ఓనర్ కొన్నాడు. అత్త బాగుచేసింది. ఒక్కో రివెట్... ఒక్కో కిటికీ... ఒక్కో సీటు.

"దాన్నే పెళ్లి చేసుకోవే" అనేవాడు నాన్న.

"నేను రెడీ అన్నయ్యా. అదే బెట్టు చేస్తోంది."

రోజూ పొద్దున్నే ప్రొపెల్లర్‌ని చేత్తో తిప్పేది. తిప్పకపోతే లోపల బిగుసుకుపోతుందట. నేనూ తిప్పాను — బరువుగా, బద్ధకంగా, నిద్ర లేవనని మొరాయించే మనిషిలా.

ఒకరోజు ఎగిరింది.

అత్త లోపల. మేం కింద. మబ్బులో వెండి చేప. నాన్న కళ్లు తుడుచుకుని, దుమ్ము పడిందన్నాడు.

తర్వాత, మనుషుల్ని ఎక్కించే మొదటి రోజు. ఓనర్ ఒక పెద్దమనిషిని తెచ్చాడు.

టప్.

తెల్ల బూటు మీద నల్ల చుక్క.

"ఏంటమ్మా, కారుతోంది?"

అత్త నవ్వింది. పాత ఇంజన్ల మెకానిక్కులంతా వేసుకునే జోకే వేసింది. "కారుతుంటే ధైర్యంగా ఎక్కండి సార్. కారడం ఆగిందా, దిగిపోండి. నూనె అయిపోయినట్టే."

ఎవరూ నవ్వలేదు.

పెద్దమనిషి మెట్టు మీంచి కాలు వెనక్కి తీసుకున్నాడు. అతని వెనకే, ఎక్కబోయిన వాళ్లందరూ.

"నోరు కాస్త కుట్టుకోలేకపోయావా తల్లీ" అన్నాడు ఓనర్, మెల్లగా.

అంతే. అత్త ఉద్యోగం పోయింది. విమానాన్ని ఇక ఎగరనివ్వక, ప్రదర్శనకి పెట్టారు. ఇంజన్‌లో నూనె తోడేశారు. కింద నున్నటి తెల్ల బండలు పరిచారు. చుట్టూ తాడు. చూడ్డానికి టికెట్.

ఇవాళ ఇద్దరం టికెట్ కొనుక్కుని వచ్చాం — అత్త తన ఇంటికే చుట్టంలా.

నేల అద్దంలా ఉంది. చప్పుడు లేదు.

లోపల తుప్పు మొదలై ఉంటుంది... అత్త సంచిలో నూనె డబ్బా ఉంది. కాస్త పోసి, ప్రొపెల్లర్ తిప్పితే ఇంజన్ బతుకుతుంది.

కానీ పోస్తే కారుతుంది. తెల్ల నేల మీద.

"మీరు తాడు దాటితే నా ఉద్యోగం పోద్ది మేడమ్" అన్నాడు కాపలా మనిషి. "ఇంట్లో ఇద్దరు పిల్లలు." అని, మొహం అటు తిప్పుకున్నాడు.

అత్త సంచి తెరిచింది. డబ్బా నా చేతిలో పెట్టింది.

తాడు మోకాలెత్తే.

చెవి పెట్టాను. ఏమీ లేదు... ఏమీ లేదు...

మీరైతే ఏం చేస్తారు?