చెప్పకుండా మింగిన సగం

చుట్టాలంతా ఆమెను పురుగులమ్మాయి అనేవారు. దారప్పోగుల్లాంటి సన్నటి పురుగులను ల్యాబ్‌లో పెంచి, అవి ఎంతకాలం బతుకుతాయో చూడటం ఆమె ఉద్యోగం. తల్లి పోయాక పెంచి పెద్దచేసింది పిన్ని. బట్టలు కుట్టుకుంటూనే, ఈమె ఏం చెప్పినా చెవులప్పగించి వినేది.

ఒకరోజు చుట్టాలొచ్చినప్పుడు, భోజనాల దగ్గర పురుగులమ్మాయికి హుషారొచ్చింది. పస్తులుంచిన పురుగులు ఎక్కువకాలం బతుకుతున్నాయనీ, ఆకలేస్తే కణం తనలో పాడైన సామానును తానే కరిగించి మళ్లీ వాడుకుంటుందనీ చెప్పింది. అందరూ ముక్కున వేలేసుకున్నారు. ఆ చెత్తను కరిగించే చోటికి మోసుకెళ్లే ప్రోటీన్లు దెబ్బతింటే పస్తులున్నా లాభం లేదనీ, పురుగుకు పనికొచ్చింది మనిషికీ పనికొస్తుందని ఇంకా ఎవరూ తేల్చలేదనీ కూడా చెప్పాలి. నాలుక చివరిదాకా వచ్చింది. చెబితే మజా పోతుందని మింగేసింది.

వారం తిరక్కుండా పిన్ని కుట్టుమిషను పక్కనే కుప్పకూలింది. షుగరు మాత్రలు వేసుకుంటూనే తిండి మానేసింది మరి.

ఆసుపత్రిలో పిన్ని తేరుకున్నాక, ఇలా కడుపు మాడ్చుకోమని ఎవరు చెప్పారని డాక్టరమ్మ గట్టిగానే అడిగింది. మంచం పక్కనే నిలబడ్డ పురుగులమ్మాయి దుప్పటి సర్దసాగింది.

"ఎవరూ చెప్పలేదమ్మా. నాకే తినబుద్ధి కాలేదు" అంది పిన్ని, ఈమె వైపు చూడకుండా.

చదువుకున్నదానివి, కాస్త కనిపెట్టుకుని ఉండాలి కదా అని ఈమెతో అనేసి వెళ్లిపోయింది డాక్టరమ్మ. పురుగులమ్మాయికి తల కొట్టేసినట్టయింది. వరండాలోకి పరుగెత్తి ఆమెను ఆపింది.

"చెప్పింది నేనే. అదీ సగమే చెప్పాను."

డాక్టరమ్మ తిట్టలేదు. మాత్ర మారుస్తాను, వేళకు తినేలా చూడమని చెప్పి పక్క గదిలోకి నడిచింది. తిట్టినా బాగుండేది.

తిరిగొచ్చి పిన్ని కాళ్ల దగ్గర కూర్చుని, దాచిన సగమూ చెప్పింది. పిన్ని అంతా వింది.

"అప్పుడే చెప్పొచ్చుగా?"

"అందరూ మెచ్చుకుంటున్నారు పిన్నీ. ఆపాలనిపించలేదు."

"నీ పురుగులు ఉండగలిగితే నేనుండలేనా అనుకున్నానే" అని పిన్ని నవ్వబోయింది. నవ్వు సగంలోనే ఆగిపోయింది.

ఇంటికొచ్చాక పిన్ని వేళకే తింటోంది. కంచం ముందు కూర్చోగానే, ఇది తినొచ్చా అని మాత్రం ఎప్పట్లాగే నమ్మకంగా ఈమెనే అడుగుతోంది. తినమని చెప్పడానికి పురుగులమ్మాయి తలెత్తలేకపోతోంది.