ఆఖరి గంప పత్తి

ఆఖరి గంపలు కూడా కుప్పలో పొయ్యమన్నాడు జుమానా. మా మరిది కొడుకు, ఇంటిపెద్ద.

పత్తి ఏరే చివరి రోజు ఎవరి గంపలో ఉన్నది వాళ్లది. నలభై ఏళ్లుగా ఏరుతున్నాను, ఏ మగవాడూ కాదనలేదు. ఈ ఏడు నాకది నా సవతి నియెలే అక్క కోసం కావాలి. గుడిసెలో చాప మీద పడుంది, జొన్న గంజి కూడా మింగడం లేదు. "నువ్వు వడికిన నూలు గుడ్డలోనే నన్ను చుట్టాలి, బజారు గుడ్డ వద్దు" అంది. మాటిచ్చాను. మా అమ్మా, మా ఆయనా, నా పెద్దకూతురూ నేను దగ్గర లేనప్పుడే పోయారు. ఈమెనైనా సరిగ్గా సాగనంపాలి.

"ఎల్లుండి కుచాలా మిల్లు నుంచి లారీ వస్తుంది పెద్దమ్మా. తూకం తగ్గకూడదు" అన్నాడు జుమానా.

"నా ఒక్క గంపకేనా?"

"అందరూ 'నా ఒక్క గంపే కదా' అంటారు." నవ్వాడు. "నువ్వు కేయితా ఇంటి ఆడపడుచువి. నన్ను బొబ్బర్ల సంచీ అని ఒక్క తిట్టు తిట్టి అడుగు. లేదనలేను."

మా పుట్టింటి కేయితాలకీ, మెట్టింటి కులిబాలీలకీ పుట్టుకతోనే పరాచికాల వరస. ఎగతాళి చేసి అడిగితే ఇచ్చి తీరాలి. వీడి తాతనీ తండ్రినీ నేను అలా ఏడిపించినదాన్నే. ఈరోజు మాత్రం ఒళ్లు మండింది. నా వాటాని ముష్టి చేసి, ఆ ముష్టిని నవ్వులాట చేస్తాడా?

"నీ పెళ్లాం ఆసితాన్ సంగారేల పిల్ల. నిన్ను తిట్టే వరస ఆమెకి లేదు. రేపు ఆమె ఏం చెప్పి తీసుకోవాలి?"

ఆసితాన్ తలొంచుకుని గంప పట్టుకు నిలబడింది.

"నేను అడగను. తిట్టను. ఇక నుంచి నీతో నవ్వను కూడా."

వాడి మొహం పాలిపోయింది. కేయితా నవ్వడం మానేస్తే కులిబాలీకి అంతకంటే పెద్ద శాపం లేదు. "పెద్దమ్మా, ఆ మాట వెనక్కి తీసుకో" అన్నాడు. నేను గంప నెత్తికెత్తుకున్నాను. ఆసితానూ ఎత్తుకుంది. పత్తి ఏరే మిగతా ఆడవాళ్లు కూడా ఎత్తుకున్నారు. ఎవరూ అడ్డురాలేదు.

అక్క తలదగ్గర కూర్చుని గింజలు తీసి, ఏకి, కదురు తిప్పాను. కోపంలో గట్టిగా లాగి పోగు రెండుసార్లు తెంపాను.

"ఎవరి మీదే ఆ కోపం? నూలంతా ముడులే. మట్టిలో కూడా నాకు ఒరుసుకోవాలా?" అంది కళ్లు మూసుకునే.

మగ్గం ముసలాయన నెయ్యడానికి నాలుగు రోజులు కావాలన్నాడు, వడకడానికి నాకు ఇంకో నాలుగు. ఆమె ఊపిరి వింటూ పోగు అతికించాను.