బతికున్నవాడి తద్దినం

పడవ దువా కాలువలోకి మళ్ళేసరికి థాన్‌కు గుండెదడ మొదలైంది. ఇరవై ఏళ్ళు బాంబుల కింద అడవిలో బతికిన మనిషి. మూడు వారాల కిందట యుద్ధం గెలిచి, నిన్ననే రాష్ట్రానికి పెద్దగా కుర్చీలో కూర్చున్న మనిషి. అలాంటివాడు ఒక తాటాకు ఇంటిని చూసి వణకడమేమిటి అంటారా? వణికాడు మరి. ఆ ఇంట్లో ఆయన తేల్చుకోవలసిన మాట ఒక్కటే ఉంది. ఏడేళ్ళ కిందట తను పంపిన కబురు భార్యకు చేరిందా, లేదా? చేరకపోతే తప్పు దారిది, తలరాతది. చేరి కూడా ఆమె చచ్చిపోయిందంటే... ఆ పైకి ఆయన ఆలోచన ఏనాడూ వెళ్ళలేదు.

"నువ్వు పడవలోనే ఉండు క్వీ," అని తన పాత అంగరక్షకుడికి చెప్పి ఒక్కడే రేవు మెట్లెక్కాడు.

వాకిట్లో ఒకావిడ కొరమీనుకు పొలుసు తీస్తోంది. భార్య చెల్లెలు దావ్. జుట్టు సగం నెరిసింది.

"ఎవరది? సొంత ఇల్లులాగా వచ్చేస్తున్నావు?"

"నేనే దావ్. ఏడోవాణ్ణి."

ఆ పల్లెల్లో మనిషిని ఇంట్లో పుట్టిన వరస అంకెతోనే పిలుస్తారు. కత్తి ఆమె చేతిలోంచి జారిపోయింది.

"ఓరి నాయనో! బావా! నీ తద్దినానికి నువ్వే వచ్చావా!" అంటూ ఏడుస్తూనే నవ్వింది. "రా, కూర్చో. చచ్చినవాడికి సరిగ్గా వేళకే ఆకలేసిందంటే నా వంట మంచిదే."

అది వేళాకోళం కాదు. నిజంగానే ఆ రోజు ఆయన తద్దినం. ఆయన అడవికి వెళ్ళిన కొత్తలో పోలీసులు "నీ మొగుడెక్కడ?" అంటూ భార్య లాయ్‌ని పీక్కుతిన్నారు. ఒకనాడు ఆమె తలకు తెల్లగుడ్డ కట్టుకుని, ఆయన ఫొటో పూజబల్ల మీద పెట్టి, ఏట్లో మునిగి పోయాడని ఊరు దద్దరిల్లేలా ఏడ్చింది. అప్పటినుంచి ఏటా నాలుగో నెల పన్నెండో నాడు తద్దినం. భోజనానికి ఆ పోలీసులనే పిలిచేది. ఠాణా పెద్ద కొరమీను తిని, సారా తాగి, "మంచివాడమ్మా నీ మొగుడు," అని కళ్ళు తుడుచుకుని వెళ్ళేవాడు. అలా ఆ మహాతల్లి బతికున్న మొగుడికి పదమూడేళ్ళు తద్దినం పెట్టి అతన్ని బతికించుకుంది.

పద్నాలుగో ఏడు అడవిలో వేగులవాళ్ళు నవ్వుతూ ఆయనకు చెప్పారు. "కాలువ పక్కన ఒక విధవ ఇంట్లో తద్దినం అన్నా. ఠాణా మొత్తం అక్కడే తింటుంది. తుపాకులు గోడకానించి మరీ." పటం మీద వాళ్ళు వేలు పెట్టిన చోటు చూశాడు. అది మా ఇల్లు అన్న మాట గొంతుదాకా వచ్చింది. ఎందరి ఇళ్ళో తగలబడిన దళంలో నాయకుడి ఇల్లొక్కటీ బంగారమా? అయినా అక్కడ ఆయన ఏడోవాడు కాదు, నాలుగన్న. అసలు అంకె బయటపడితే ఇల్లూ వాకిలీ పట్టుబడతాయని, అందరూ దొంగ అంకెలే వాడాలన్న నియమం పెట్టింది కూడా ఆయనే. తద్దినం నాడే ఆ ఇంటి మీద దాడి చెయ్యాలన్న ఉత్తర్వు మీద సంతకం పెట్టేశాడు. ఆ రాత్రే చాటుగా ఒక మనిషిని పంపాడు. "ఈ ఏడు ఏడోవాడి తద్దినం పెట్టొద్దని నాలుగన్న చెప్పమన్నాడు, అను." తద్దినం లేకపోతే పోలీసులూ రారు, దాడీ ఉండదు. పంపిన మనిషి తిరిగి రాలేదు. తద్దినం జరిగింది. దాడీ జరిగింది.

ఇప్పుడు పూజబల్ల మీద రెండు ఫొటోలున్నాయి. లాయ్ ముందు మూడు అగరొత్తులు, విడిగా ఓ గిన్నెలో ఒకే ఒక్కటి.

"మీ అక్కకి అప్పుడేమైనా కబురొచ్చిందా?" అన్నాడు.

"వచ్చింది బావా." దావ్ చేపను నిప్పుల మీదికి తోసింది. "ఉప్పు అమ్మేవాడి వేషంలో ఒకడొచ్చి తద్దినం పెట్టొద్దని నాలుగన్న అన్నాడన్నాడు. అక్క వాణ్ణి తరిమేసింది. 'ఇది పోలీసోళ్ళు పన్నిన వలే పిచ్చిదానా. మానేస్తే మొగుడు బతికున్నాడని నా నోటితో నేనే చెప్పినట్టు కాదూ? అయినా నా ఏడోవాడి తద్దినం ఆపడానికి ఈ నాలుగోవాడెవడే? ఆయన చెప్పాలనుకుంటే తన పేరుతోనే చెప్తాడు. పడవెక్కేటప్పుడు మాటిచ్చాడు' అంది. ఆ ఏడు ఇంకో రెండు చేపలు ఎక్కువ కాల్చింది. సారా సరిపోదని నన్ను అంగడికి పంపింది. నేనొచ్చేసరికి..."

ఇచ్చాడు, మాట ఇచ్చాడు. పడవ తాడు పట్టుకుని ఆమె, "నీ పేరుతో వస్తేనే నమ్ముతా, దేవుడొచ్చి చెప్పినా వినను," అంటే, "సరేలేవే, తాడు వదులు," అని నవ్వాడు. ఆ నవ్వు గుర్తుంది. మాట మరిచిపోయాడు.

"ఒక్కటి మాత్రం చెప్పాలి బావా," అంది దావ్. "ఆ నాలుగోవాడెవడో పుణ్యాత్ముడు. ముక్కూమొహం తెలియని ఆడదాని కోసం కబురంపాడు. అందుకే ఏటా ఆయన పేరున ఆ ఒక్క అగరొత్తీ వెలిగిస్తున్నా. ఉన్నాడో పోయాడో. నువ్వు అడవిలోనే ఉన్నావుగా, నీకేమైనా తెలుసా?"

ఆయన నోరు తెరిచాడు. అంతలో రేవులోంచి క్వీ కేకేశాడు.

"నాలుగన్నా! నీళ్ళు లాగేస్తున్నాయి, పడవ బురదలో కూరుకుపోతుంది! నాలుగన్నా!"

దావ్ చెయ్యి ఆగిపోయింది. రేవు వైపు చూసింది. బావ వైపు చూసింది. చేప మాడుతున్నా తిప్పలేదు.

"ఏడోవాణ్ణి అని ఒక్క ముక్క అంటే నీ సొమ్మేం పోయేది బావా!" అని గుండెలు బాదుకుంది. "ఒక్క ముక్క! ఏడు అంటే చాలు, పొయ్యి ఆర్పేసేది కదయ్యా!"

ఆయన నాలుగోవాడి అగరొత్తిని పీకి నేలకేసి నలిపాడు. లాయ్ ఫొటో ముందు మోకాళ్ళ మీద కూలబడి, ఏడేళ్ళు ఆలస్యంగా, తన పేరుతోనే చెప్పాడు.

"లాయ్... నేనేనే, ఏడోవాణ్ణి. ఈ ఏడు తద్దినం పెట్టొద్దే."