గాటు పెట్టిన ఆరు

లాజరు పొడిగుడ్డతో కంప్యూటర్ తుడుస్తున్నాడు. ప్రతి శనివారం తుడుస్తాడు. ముందు చర్చిలో బల్లలు, తర్వాత కిటికీలు, చివర్న ఆఫీసు గదిలో ఇది. నాలుగేళ్లుగా దాన్ని ఎవరూ వెలిగించలేదు. అయినా గుడ్డ దాని మీదే ఎక్కువసేపు తిరుగుతుంది. మీటల సందులు, వెనక గాలి పోయే కంతలు, వైర్లు కూడా. తుడవడం అయ్యాక అరచెయ్యి పెట్టె మీద ఒకసారి ఆనించి తీసేస్తాడు.

పాలకొల్లుకి నాలుగు మైళ్ల అవతల, కాలవ గట్టున ఉన్న లూథరన్ చర్చి అది. లాజరు అక్కడ గంట కొడతాడు, ఊడుస్తాడు, ఆదివారం పాడే పాటల నంబర్లు బోర్డు మీద పెడతాడు. ముప్పై ఒక్క ఏళ్లుగా అదే పని. మిగతా రోజుల్లో చేలో కూలికి వెళ్లేవాడు. ఇప్పుడు వెళ్లలేడు. గంట తాడు లాగి లాగి కుడి భుజం ఎడమదాని కన్నా కిందికి జారింది. రెండు అరచేతుల్లోనూ తాడు దారి పడింది. మూడో తరగతితో బడి మానేశాడు. అక్షరాలు మర్చిపోయాడు గాని అంకెలు పోలేదు.

గుమ్మంలో చెప్పుల చప్పుడైంది. పాస్టరు విజయ్ పాల్ గారు, ఆయన వెనక భుజాన బ్యాగుతో పాలకొల్లు నుంచి వచ్చిన మెకానిక్ సురేంద్ర.

"ఇదేనాండీ? నాకంటే పెద్దదాన్లా ఉందండి," అన్నాడు సురేంద్ర.

"పాస్‌వర్డ్ ఎవరికీ తెలీదు. వేసినాయన మా పాత సెక్రటరీ రమేష్ బాబు గారు. వేసిన వారానికే పక్షవాతం వచ్చి రాజమండ్రిలో కూతురి దగ్గరికి వెళ్లిపోయారట. నేను వచ్చి ఆర్నెల్లేగా, నాకేం తెలుస్తుంది? బాప్తిస్మం సర్టిఫికెట్లకి కంప్యూటర్ కావాలి. ఎలాగోలా వాడుకలోకి తెండి."

సురేంద్ర పెట్టె పక్క రేకు విప్పాడు. లోపల్నించి రూపాయి బిళ్లంత బ్యాటరీ ఒకటి తీసి బల్ల మీద పెట్టాడు.

"మెషిను ఆ పాస్‌వర్డ్‌ని దీని బలం మీదే గుర్తుపెట్టుకుంటదండి. కాసేపు పీకి పెడితే మర్చిపోద్ది."

పాస్టరు గారి భార్య రూబీ అమ్మగారు టీ పంపింది. టీ తాగి, సురేంద్ర బ్యాటరీ మళ్లీ పెట్టి వెలిగించాడు. తెర నల్లగా ఉంది. మధ్యలో చిన్న గడి, అందులో గీత ఆరుతూ వెలుగుతూ ఉంది.

సురేంద్ర నాలిక కరుచుకున్నాడు. "మెషిను మర్చిపోయిందండి, డిస్కు మర్చిపోలేదు. ఆయన దానికి కూడా వేశారు. ఇది బ్యాటరీ తీస్తే పోయే రకం కాదు."

"మరి ఏం చేద్దాం?"

"పాత డిస్కు తీసేసి కొత్తది వేసేస్తాను. గంటలో పని అయిపోద్ది. లోపలున్నవి మాత్రం రావు."

"ఏముంటాయిలెండి, పాత నోటీసులేగా. వేసెయ్యండి."

గది మూల ఊడుస్తున్న లాజరు చీపురు ఆగిపోయింది.

నాలుగేళ్ల కిందట కోత పండుగ. చర్చి నిండా గుమ్మడికాయలు, అరటిగెలలు, కాళ్లు కట్టేసిన కోళ్లు. రమేష్ బాబు గారు ఆఫీసు గదిలోంచి వైరు లాగి ఆరాధన అంతా రికార్డు చేశాడు. అయిపోయాక లాజరు భుజం తట్టి, "మీ పాపాయమ్మ గొంతు ఇందులో పడిందయ్యా. తీరుబడిగా వినిపిస్తానుండు," అన్నాడు. పిల్లలు ముట్టుకోకుండా తాళం వేసుకున్నానని కూడా చెప్పాడు. తర్వాతి వారమే ఆయన పడిపోయాడు. మరుసటి వానాకాలం లాజరు భార్య పాపాయమ్మ పచ్చకామెర్లతో పోయింది.

రేషను కార్డు మీద ఆమె ఫోటో ఉంది. లాజరుకి ముఖం గురించి బెంగ లేదు. గొంతే పోతోంది. తెల్లవారుజామున మెలకువ వచ్చినప్పుడు ఆమె అన్న మాటలు ఒక్కోటీ తలుచుకుంటాడు. మాటలు వస్తాయి. అవి తన గొంతుతోనే వస్తాయి.

"అయ్యగారూ," అన్నాడు.

పాస్టరు తిరిగి చూశాడు. ఈ ఆర్నెల్లలో లాజరు తనంతట తాను పిలవడం అదే మొదలు.

"అది తీసెయ్యకండి. అందులో మా మనిషి ఉందండి."

సంగతి రెండు ముక్కల్లో చెప్పించుకుని పాస్టరు రాజమండ్రికి ఫోను చేశాడు. కూతురు ఫోను తండ్రి నోటి దగ్గర పెట్టినట్టుంది, ముందు ఊపిరి వినపడింది.

"బో...ర్డు," అన్నాడు రమేష్ బాబు. "కోత పండుగ... బోర్డు మీద నంబర్లు. వరసగా. పొద్దున్నే చూసి... వేశాను."

బీరువాలో పాత పాస్టరు గారి ఆరాధన క్రమాల పుస్తకం ఉంది. విజయ్ పాల్ గారు పేజీలు తిప్పి కోత పండుగ పట్టుకున్నాడు. ఇరవై ఏడు, నూట అరవై మూడు, మూడు వందల అయిదు. సురేంద్ర ఎనిమిది అంకెలూ వరసగా కొట్టాడు. తెర తీసుకోలేదు. నిదానంగా మళ్లీ కొట్టాడు. మూడోసారి వెనక నుంచి ముందుకి కొట్టాడు. తెర పూర్తిగా ఆగిపోయింది.

"పాపం, పెద్దాయనకి గుర్తున్నట్టు లేదండి." సురేంద్ర స్క్రూడ్రైవర్ అందుకున్నాడు.

లాజరు చీపురు గోడకి ఆనించి చర్చిలోకి నడిచాడు. వేదిక పక్కన గోడకి నల్ల బోర్డు. దాని కింద డబ్బాలో టేకు పలకలు, పలకకి ఒక అంకె. వెతికి ఆరు తీశాడు. పలక అడుగు అంచున వేలిగోరు పట్టేంత గాటు ఉంది. దాన్ని బొటనవేలితో తడుముతూ నిలబడ్డాడు. తర్వాత దాన్ని పట్టుకుని ఆఫీసు గదికి వచ్చాడు.

"ఆ రోజు బోర్డు మీద నూట అరవై మూడు లేదండి. నూట తొంభై మూడు ఉంది."

"అదేంటి?"

"ఇది తలకిందులుగా పెట్టానండి." పలక తిప్పి చూపించాడు. "చీకటితో పెట్టాను. చూసుకోలేదు."

పాస్టరుకి నవ్వు వచ్చి ఆపుకున్నాడు. "కోత పండుగ నాడు నూట తొంభై మూడా? అది భూస్థాపన పాట కదయ్యా."

"అవునండి."

నాలుగేళ్ల కిందటి ఆ పండుగ సాయంత్రం పాపాయమ్మ ఈ పలకని ఇంటికి తెప్పించుకుని కత్తిపీట మీద గాటు పెట్టింది. "ఏవయ్యా, పండగ పూట సమాధి పాట పెట్టావు, ఎవర్ని పంపేద్దామని? ఇదిగో, గాటు కిందికుండాలి. గుర్తుంటదా?" అంది.

సురేంద్ర ఆపి వెలిగించి, ఆరు బదులు తొమ్మిది కొట్టాడు. గడి మాయమైంది. పెట్టెలో ఏదో తిరగడం మొదలైంది. పాత నీలం బొమ్మ తెర మీదికి వచ్చింది.

రికార్డు దొరకడానికి ఎంతోసేపు పట్టలేదు. ముందు ఫ్యాన్ల మోత, కోళ్ల గొణుగుడు. పుస్తకాల పేజీలు తిరిగాయి. తర్వాత ఎవరూ పాడలేదు. ఎవరో దగ్గారు. ఎవరో కిసుక్కున నవ్వారు. అప్పుడు ఆడవాళ్ల వైపు నుంచి ఒక్క గొంతు లేచింది. కొంచెం బొంగురు గొంతు. మరీ పైన ఎత్తుకుని, ఒక మెట్టు దిగి, నిలబడింది. చదువు రాని మనిషి. బోర్డుతో పని లేకుండా, ఆ రోజు పాడాల్సిన కోత పాటే పాడింది. అంతలో చర్చి అంతా అందుకుంది. ఆ గొంతు అందులో కలిసిపోయింది.

లాజరు పలక పట్టుకునే ఉన్నాడు.

"మళ్లీ పెట్టమంటారా తాతగారూ?"

"మొదలు ఒక్కటేనండి. అందరూ కలవకముందు."

సురేంద్ర నాలుగుసార్లు పెట్టాడు. అయిదోసారి అడక్కుండానే పెట్టాడు. "మీ ఫోన్లో వేసిస్తాను, ఇటివ్వండి."

లాజరు జేబులోంచి బొత్తాల ఫోను తీశాడు. దాని వెనక మూతకి రబ్బరు బ్యాండు కట్టి ఉంది.

"దీన్లో పట్టదేమోనండి," అన్నాడు సురేంద్ర.

"ఇక్కడే ఉండనివ్వండి. శనివారం ఎలాగూ వస్తాగా."

సాయంత్రం పాస్టరు చీటీ ఇచ్చాడు. పన్నెండు, నూట అరవై మూడు, రెండు వందల నలభై. "రేపు ఆ పాటే పాడదాం లాజరూ. పంట లేకపోతే ఏం," అన్నాడు. లాజరు తల ఊపాడు. స్టూలెక్కి పలకలు ఒక్కోటీ పెట్టాడు. దిగేటప్పుడు స్టూలు పట్టుకుని కాసేపు ఆగాడు. తర్వాత గంట కొట్టాడు. శనివారం పన్నెండు దెబ్బలు. తొమ్మిది దగ్గర గంట ఆగింది. వాకిట్లో ఆరేసిన బట్టలు తీస్తున్న రూబీ అమ్మగారు తలెత్తి చూసింది. కాసేపటికి మిగిలిన మూడూ వినపడ్డాయి. అతను తాడు మేకుకి చుట్టి, కాలవ మీద చప్టా దాటి ఇంటికి వెళ్లాడు.

ఆదివారం పొద్దున గంట మోగలేదు. ఏడింటిదాకా చూసి పాస్టరు తనే బయల్దేరబోతుంటే, లాజరు పక్కింటి బుల్లబ్బాయి గేటు దగ్గరికి వచ్చి తలకి చుట్టుకున్న తువ్వాలు తీసేశాడు.

"నిద్రలోనేనండి. పక్క కూడా నలగలేదు."

ఆరాధన మానలేదు. గంట లేకపోయినా అలవాటు కొద్దీ జనం వచ్చారు. రెండో పాట దగ్గర అందరూ బోర్డు వంక చూసి పేజీలు తిప్పారు. తిప్పినవాళ్లు తల ఎత్తలేదు. పాస్టరు చేతిలో చీటీ ఉంది, ఆయన కూడా ఏమీ అనలేదు. ఆడవాళ్ల వైపు ఎవరూ గొంతెత్తలేదు. బోర్డు మీద నూట తొంభై మూడు ఉంది. మధ్య పలక మీద కత్తిపీట గాటు పైకి ఉంది.