పదమూడు జెర్సీలు

1989 నవంబరు 7, మంగళవారం పొద్దున బోధన్ రాకాసిపేటకు క్లబ్బు జీపు వచ్చి పదమూడు జెర్సీలు పట్టుకుపోయింది. ఉతికించి తెస్తామన్నాడు డ్రైవరు. గోల్‌కీపర్ గంగుబాయి తన జెర్సీ ముందురోజే ఉతికి మడతపెట్టింది. అయినా ఇచ్చింది.

మధ్యాహ్నానికి సంగతి తెలిసింది. కౌలాలంపూర్‌లో జరిగే ఆసియా మహిళల క్లబ్ ఫుట్‌బాల్ పోటీకి బోధన్ మహిళా క్లబ్ వెళ్తోంది. ఆ జెర్సీలు వేసుకునేది మాత్రం హైదరాబాద్ కాలేజీ పిల్లలు. దేశంలో ఆడి గెలిచిన పదమూడు మందీ బీడీలు చుట్టేవాళ్లు. వాళ్లు ఇక్కడే ఉండాలి. క్లబ్బు అధ్యక్షుడు ఆత్మారాం సేటు. కార్ఖానాలో ఇచ్చే తునికాకు ఇంటికి తెచ్చుకుని వాళ్లు చుట్టే బీడీలూ ఆయన కంపెనీవే.

అందరూ కలిసి కార్ఖానాకు పోయారు. సేటు బయటికొచ్చాడు.

"ఆడింది మేము గద సేటూ?" అంది గంగుబాయి.

"నేను కాదన్ననా? గది పరాయి దేశం. ఇంగ్లీషు రావాలె. క్లబ్బు ఇజ్జత్ ముచ్చట."

"బంతికి ఇంగ్లీషు వస్తదా సేటూ?" అంది నసీమా. ఆమె గోల్ ముందు కాపు కాసే ఆటగత్తె.

గుంపు నవ్వింది. సేటు నవ్వలేదు. "ఎక్కువ మాట్లాడిన ఇంటికి ఆకు బంద్," అని లోపలికి పోయాడు.

సాయంత్రం వాడంతా గంగుబాయి ఇంటి ముందు కూర్చుంది. బీడీ యూనియన్ కార్యదర్శి తుకారాం వచ్చాడు.

"ఇది కూలి లొల్లి కాదు చెల్లె. బంతాట కోసం సమ్మె అంటే నవ్వుతరు."

"కూలి లొల్లికి కలెక్టరాఫీసు కాడ మమ్ములనే ముంగట కూసోబెట్టినవ్ గదన్నా. గప్పుడు నవ్వు రాలే?"

"నేను వద్దంటలేను. పోయినసారి ఆకు వద్దన్నం. ఏమైంది? సేటు అదే ఆకు పక్కూరు ఎడపల్లికి తోలిండు. వాళ్లు చుట్టిండ్రు. మనం పస్తులున్నం."

గంగుబాయి విసుగ్గా లేచింది. "ఎప్పుడైనా గదే ముచ్చట. ఎటు పోదామన్నా గోడే!"

ఆమె తల్లి శంకరమ్మ ఇంట్లోకి వెళ్లి ఆకు నానబెట్టే గంగాళం తెచ్చి అందరి మధ్యా పెట్టింది.

"వద్దంటేనే గద ఎడపల్లికి పోయేది. తీస్కుందాం. నానవెడదాం. చుట్టొద్దు."

నానిన ఆకును మర్నాడే చుట్టాలి. ఆలస్యమైతే బూజు పడుతుంది. ఇంకో ఊరికి పంపినా పనికిరాదు.

"కేసైతదవ్వా," అన్నాడు తుకారాం.

"కానియ్యి," అంది నసీమా తల్లి జహీరున్నీసా. "జైల్ల గూడ బీడీలు చుట్టమంటరా?"

బుధవారం ఆడవాళ్లు తలవంచుకుని వరుసలో నిలబడ్డారు. సేటు తానే గెలిచాననుకుని రెట్టింపు ఆకు ఇప్పించాడు. గురువారం ఒక్క బీడీ రాలేదు. శుక్రవారం పోలీసులు వచ్చేసరికి ప్రతి ఇంటి ముందూ బూజు పట్టిన ఆకు కుప్పలున్నాయి.

పోలీసులు ఆటగత్తెలనూ వాళ్ల తల్లులనూ స్టేషన్‌కు తీసుకుపోయారు. అక్కడికి సేటే వచ్చాడు. గంగుబాయిని పక్కకు పిలిచాడు.

"కాలేజీ టీముకు మంచి గోల్‌కీపర్ లేదు. నీ పాస్‌పోర్టు నా కాడనే ఉన్నది. విమానానికి టీము సాయంత్రం మన్మాడ్ రైల్ల పోతది, నిజామాబాద్‌ల ఆ బండికి నువ్వొక్కదానివి రా. కేసుండది."

గంగుబాయి వచ్చి నసీమా పక్కన కూలబడింది. "పోవాలెనని పాణం కొట్టుకుంటుందే."

"పోతే పో. నన్నడుగుతవేంది?" అని నసీమా మొహం తిప్పుకుంది.

గంగుబాయి లేచి సేటు దగ్గరికి పోయింది.

"నేను ఎడమకు దూకితే నసీమా కుడికి ఉరుకుతది. చెప్పకుండనే. నీ కాలేజీ పిల్లలు ఎటు ఉరుకుతరో నాకేం ఎరుక? మా అందరి జెర్సీలు తెచ్చియ్యి. గప్పుడొస్త."

సేటు ఎస్సై వైపు చూశాడు. ఎస్సై కేసు రాశాడు.

ఆ సాయంత్రం కాలేజీ జట్టుతో మన్మాడ్ బండి నిజామాబాద్ దాటింది. బోధన్ నుంచి పోలీసు వ్యాను జైలుకు బయలుదేరింది. అందులో పదమూడు మంది ఆటగత్తెలు, వాళ్ల తల్లులు ఉన్నారు.

శనివారం బోధన్‌లో మిగతా కంపెనీలకు బీడీలు చుట్టే ఆడవాళ్లు కూడా ఆకు నానబెట్టి వదిలేశారు. ఆదివారం ఏ కార్ఖానాకూ బీడీ కట్ట చేరలేదు.