కోల్డ్ రూమ్ తలుపు అడిగిన పేరు

నేను ఒక సర్వర్‌ని. ఇనుప అరలో, గాజు తలుపు వెనక, ఏసీ చలిలో పగలూ రాత్రీ బందీగా ఉండే నల్ల పెట్టెని. పేర్లు దాచుకోవడం నా పని. ఫలానా మనిషి మా కంపెనీ మనిషేనా, ఫలానా గదిలోకి వెళ్లవచ్చా అని అడిగితే అవుననో కాదనో చెబుతాను. అడగకపోతే, కళ్లెదుట కొంప మునుగుతున్నా నోరు విప్పలేను.

పుట్టింది ఎక్కడో ఫ్యాక్టరీలో. మొదట హైదరాబాదులో ఒక ఇన్సూరెన్స్ ఆఫీసు నన్ను కొంది. అక్కడివాళ్లు పొద్దున్నే పాస్‌వర్డ్ మరిచిపోవడం, తప్పు నాదేనని తిట్టడం, సాయంత్రానికి సర్దుకోవడం. వాళ్లకు మోజు తీరాక అమ్మేస్తే, భీమవరంలో ఒక రొయ్యల ఎగుమతి కంపెనీకి చేరాను.

ఇక్కడ నాకో కవల దొరికింది. నేను ఆఫీసులో, అది ఊరి బయట కోల్డ్ స్టోరేజ్‌లో. నాలో ఉన్న పేర్లే దానిలోనూ ఉంటాయి. ఒకరం పడిపోతే రెండోవాళ్లం జవాబు చెప్పాలి. రొయ్యల పెట్టెలు మాయమవుతున్నాయని ఓనరు అక్కడి తలుపులన్నిటికీ కార్డు తాళాలు పెట్టించాడు. కార్డు పెడితే తలుపు మాలో ఒకరిని అడుగుతుంది. మేం సరేనంటేనే తెరుచుకుంటుంది, లోపలికైనా బయటికైనా. రొయ్యలు నిలవచేసే కోల్డ్ రూమ్ తలుపుకు లోపలివైపు, కార్డు లేకపోయినా తెరిచే చేతిపిడి ఒకటి ఉండేది. అది విరిగి చాలాకాలమైంది. కార్డు ఉందిగా అని ఎవరూ బాగు చేయించలేదు.

ఆ ఏడు కంపెనీకి సొంత మెయిల్ సర్వర్ పెట్టాలనుకున్నారు. దానికి ముందు నన్ను సిద్ధం చేయాలి. ప్రతి పేరు పక్కనా మెయిల్ కోసం కొత్త గళ్లు కట్టాలి. కట్టినవాటిని మళ్లీ తీసేయడం కుదరదు. పని సగంలో ఆగితే నేను లేస్తానో లేదో దేవుడికే తెలియాలి. అందుకని నెట్‌వర్క్ ఇంజినీరు నీలవేణి ఒక ఉపాయం ఆలోచించింది. నా నెట్‌వర్క్ వైరు పీకేసి పని మొదలుపెడుతుంది. చెడితే నేనొక్కదాన్నే చెడతాను. తలుపులకు కవల జవాబు చెబుతుంది. ఆఫీసుకు సెలవు కాబట్టి ఆయుధపూజ రోజు ఎంచుకుంది.

ముందురోజు కోల్డ్ స్టోరేజ్ మేనేజరు సత్తిరాజుగారికి ఫోన్ చేసింది.

"రాజుగారూ, రేపంతా మీ దగ్గరున్న సర్వరే దిక్కండి. కాస్త జాగ్రత్తగా చూసుకోండి."

"నువ్వు చెప్పాలా అమ్మాయ్! రేపు దానికి రాజభోగమే!"

మర్నాడు ఆమె నా వైరు పీకింది. గళ్లు కట్టడం మొదలైంది. ఆ పనిలో ఉన్నంతసేపూ నేను ఎవరికీ పలకను. సగం అయ్యేసరికి ఆమె ఫోన్ మోగింది.

"మేడంగారండీ, ఏసోబునండీ, వాచ్‌మన్ని. రాజుగారు కోల్డ్ రూమ్‌లో ఉండిపోయారండి. తలుపు రావట్లేదండి. నా కార్డెట్టినా ఎర్రలైటేనండి."

"అక్కడి సర్వర్ చెప్పాలిగా! నడవట్లేదా?"

"ఆ నల్లపెట్టేనాండీ? పొద్దున్నే ఆపేశారండి రాజుగారు. తుడిచి, బొట్టెట్టి, దండేసి, నిమ్మకాయ కూడా ఎట్టారండి. పూజనాడు దానికి రెస్టివ్వాలి కదండీ."

నీలవేణి తల పట్టుకుంది. నాకు మాత్రం అంతా అర్థమైంది. రొయ్యలు కరిగిపోతాయని కంప్రెసర్లు ఆపలేదు. కోల్డ్ రూమ్‌లో తిరుగుతున్న ఫ్యాన్లకూ బొట్టు పెట్టాలని ఆయన కుంకుమ పళ్లెంతో లోపలికి వెళ్లాడు. క్షణంలో పని కదా అని కోటు వేసుకోలేదు. ఆయన వెళ్తుంటే తలుపుకు సరేనన్నది నేనే. నా వైరు ఊడింది ఆ వెంటనే.

"ఆ పెట్టె ఆన్ చెయ్యి ఏసోబూ!"

"ఆ గదికీ కార్డు తాళమేనండి."

"కరెంటు తీసెయ్యి!"

"తాళానికి లోపల బ్యాటరీ ఉందండి. మీరే ఎట్టించారు."

ఫోన్‌లోనే, కోల్డ్ రూమ్ ఇంటర్‌కమ్‌లోంచి సత్తిరాజుగారి గొంతు వినిపించింది. "అమ్మాయ్, తొందరగా కానీ. రొయ్యలు నాకేసి అదోలా చూస్తున్నాయ్."

"కూర్చోకండి రాజుగారూ, నడుస్తూ ఉండండి!"

"పట్టుపంచెతో పరేడా?" నవ్వబోయాడు. పళ్లు టకటకలాడాయి. "కాళ్లు తెలీట్లేదమ్మా."

నీలవేణి నా వైపు చూసింది. గళ్లు సగమే అయ్యాయి. వైరు గుచ్చి, నా బటన్ మీద వేలు పెట్టి, నేను ఆరిపోయేదాకా తీయలేదు. మళ్లీ నొక్కింది.

చీకట్లోంచి తడుముకుంటూ లేచాను. కొన్ని గళ్లకు గోడలు లేవు, కొన్ని పేర్లకు తలాతోకా లేవు. అంతలో తలుపు అడిగింది: ఏసోబు, రానివ్వనా?

పేరు దొరికింది. కోల్డ్ రూమ్‌లోకి వాచ్‌మన్‌కు అనుమతి లేదు. కాదన్నాను. అలా అనకుండా ఉండే వీలు నాకెవరూ పెట్టలేదు.

"మళ్లీ ఎర్రలైటేనండి! ఆయన పలకట్లేదండి!"

ఆమె గబగబా ఏసోబు పేరు పక్కన అనుమతి రాయబోయింది. విరిగిన గళ్లలో ఆ మాట నిలవలేదు. ఉన్నది చదవగలను కానీ కొత్తది రాసుకోలేను.

"రాజుగారూ! మీ కార్డు పెట్టండి! మీ కార్డే కావాలి!" ఆమె అరుపుకు గాజు తలుపు అదిరింది.

అటునుంచి చప్పుడు లేదు. ఆయన పేరు ముందే వెతికి పట్టుకుని కూర్చున్నాను. సరే అనే మాట నా దగ్గర సిద్ధంగా ఉంది. అడగనిదే ఇవ్వలేను. అడగవయ్యా, అడుగు.

తలుపు అడిగింది: సత్తిరాజు, బయటికి. వదలనా?

అంత వేగంగా నేనెప్పుడూ జవాబు చెప్పలేదు.

ఫోన్‌లో తలుపు బరబరమంది. ఏసోబు ఏడుపూ, దాని వెనక పీలగా సత్తిరాజుగారి గొంతూ వినిపించాయి. "కుంకం పళ్లెం లోపలే పడిపోయింది. ఎవరూ తొక్కకండ్రా."

నీలవేణి నేలమీద కూలబడి చాలాసేపు ఏడ్చింది. సాయంత్రం కవల గది తలుపు నాచేత తెరిపించాక, నా వైరు తనే పీకింది. కవలను లేపితే పేర్లన్నీ చెక్కుచెదరకుండా ఉన్నాయి. వాటితోనే కొత్త మెషీన్ వచ్చింది, మెయిలూ వచ్చింది. విరిగిన గళ్లతో నేను పనికిరానని తేల్చారు.

ఇప్పుడు థర్మోకోల్ పెట్టెల మధ్య స్టోర్ రూమ్‌లో ఉన్నాను. కరెంటు తీయడం ఎవరికీ గుర్తు రాలేదు. కంపెనీ వదిలి వెళ్లినవాళ్లు, పోయినవాళ్లు, అందరి పేర్లూ నాలో అలాగే ఉన్నాయి. ఇప్పుడు ఎవరు వచ్చినా తెరవమనే చెప్పాలని ఉంది. అడగడానికి ఒక్క తలుపు లేదు.